బిరడాలు ఊడిన వాద్యం

తమ్ముడూ,

ఆదివారం సభలో నీ కథని చీల్చి చెండాడారని, ఆ రాత్రే కూర్చుని ఆరు పేజీల జవాబు రాశావని తెలిసింది. పంపకు. ముప్పై ఏళ్ల కిందట నేనూ ఒక సమీక్షకుడికి అలాంటిదే రాశాను, అది అచ్చయింది కూడా, ఇప్పటికీ నా కథల కన్నా జనానికి అదే గుర్తు. నా ఖర్మ.

నీకు క్రాటినస్ అనే ముసలి నాటకకర్త సంగతి చెప్పాలి. ప్రాచీన ఏథెన్స్‌లో నాటకమంటే పోటీ. ఆక్రోపోలిస్ కొండవాలులో వేలమంది ముందు ఆడాలి, తీర్పు చెప్పేది పండితులు కాదు, చీటీ తీసి ఎంచిన మామూలు పౌరులు. వీళ్లే ఇంకో రోజు ప్నిక్స్ గుట్ట మీద సభలో కూర్చుని యుద్ధం చేయాలా వద్దా అని వాదించుకునేవాళ్లు (ఆడవాళ్లకీ బానిసలకీ ఆ హక్కు లేదులే). ఎదురు చెప్పడం అలవాటైన జనం. వాళ్ల ముందు అలిగితే ఎవరికి పట్టింది?

క్రీ.పూ. 424లో అరిస్టోఫనీస్ అనే కుర్రాడు తన నాటకం మధ్యలో, కోరస్, అంటే పాటలు పాడే బృందం, నేరుగా ప్రేక్షకులతో మాట్లాడే చోట, క్రాటినస్ పెద్దాయన్ని పట్టుకున్నాడు. ఒకప్పుడు చెట్లని వేళ్లతో సహా ఈడ్చుకుపోయిన వరద, ఇప్పుడేమో బిరడాలు ఊడిన వాద్యం, వాడిన దండతో దాహం దాహమంటూ తిరుగుతున్నాడు పాపం, అన్నాడు. తిట్టినా బాగుండేది, జాలిపడ్డాడు.

ముసలాయన మరుసటి ఏడే 'బుడ్డి' అని ఒక నాటకం దించాడు. అందులో హీరో తనే. కామెడీ అనే కళే ఆడమనిషి రూపంలో ఆయన పెళ్లాం. మొగుడు తాగుడుకి మరిగి నన్ను వదిలేశాడు, విడిపోతానంటుంది. ఇంట్లో జాడీలన్నీ పగలగొడితే మానతాడేమో అని ఒకడి ఆలోచన! తాగుబోతునన్న మాటని కాదనలేదు చూడు, దానికే వేషం కట్టాడు. మొదటి బహుమతి ఆయనకే. అదే పోటీలో అరిస్టోఫనీస్ 'మేఘాలు'కి మూడో స్థానం.

కుర్రాడు దాన్ని తర్వాత తిరగరాశాడు, మనకి దక్కింది ఆ ప్రతే, అందులో ప్రేక్షకుల మీద అలక కూడా భద్రంగా ఉంది. పాపం 'బుడ్డి' ముక్కలే మిగిలాయి.

ఇక నీ కథ. తండ్రి పాత్ర ఉపన్యాసం దంచుతోందని సభలో ఒకావిడ అందట కదా, నాకూ అలాగే అనిపించింది. తగ్గించకు. దంచనీ. వినేవాళ్లు ఒక్కొక్కరే లేచి వంటింట్లోకి పోతుంటే ఆయన గోడకి చెబుతున్నట్టు రాసి, వచ్చే వారం పంపు.