పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: ఇల్లు కదలనంటారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది దివిసీమలో సముద్రానికి దగ్గరి పల్లె. తుఫాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ మా అత్తగారు ఇల్లు కదలనని భీష్మించుకుంటారు. 1977 ఉప్పెనను కళ్లారా చూసిన మనిషి. ఆమే ఇలా మొండికేస్తే ఎలా? ఒడిశాలో లక్షల మంది చెప్పగానే కదులుతారట. మనవాళ్లకు ఆ బుద్ధి ఎందుకు రాదు?
– ఒక పాఠకురాలు, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, దాన్ని మొండితనం అనకండి. రెవెన్యూ శాఖలో తీరప్రాంత మండలాల్లోనే పనిచేసి రిటైరైనవాణ్ని. జీపుకి మైకు కట్టుకుని పల్లెపల్లె తిరిగాను. మైకు విని కదిలిన ఇళ్లు తక్కువ. ఒక పెద్దావిడ గడపలో కూర్చుని, ‘‘నేనొస్తాను సరే, చూడి గేదె సంగతేంటి బాబూ?’’ అంది. మాకొచ్చిన ఉత్తర్వుల్లో గేదె ఊసే లేదు. ఆ ఊరి పాలకేంద్రం కుర్రాడు ముందుకొచ్చి, ‘‘నాయనమ్మా, మన వీధి గొడ్లన్నిటినీ నేను కాలవగట్టు మీదకి తోలతాను’’ అన్నాకే ఆమె లేచింది. ఆమె లేచాక వీధంతా లేచింది.

ఇక మనవాళ్లకు బుద్ధి రాలేదన్న మాట నేను ఒప్పుకోను. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేల మందికి పైగా పోయారు. ఆ తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. 1990 మే నెలలో దాదాపు అంత బలమైన తుఫానే మళ్లీ కృష్ణా తీరాన్ని కొట్టింది. లక్షల మందిని ముందే తరలించారు. అయినా వెయ్యి మంది దాకా పోయారు, అది చిన్న సంఖ్య కాదు. కానీ పదమూడేళ్లలో వచ్చిన తేడా చూడండి.

ఒడిశా కూడా దెబ్బతినే నేర్చుకుంది. 1999 అక్టోబరు సూపర్ సైక్లోన్‌లో అక్కడా పదివేల దాకా చనిపోయారు. ఆ తర్వాత విపత్తుల కోసమే ప్రత్యేక సంస్థ పెట్టారు, షెల్టర్లు కట్టారు, ఊరూరా కమిటీలు వేసి మాక్ డ్రిల్స్ చేయించారు. 2013లో పైలిన్ వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మంది కదిలారు. చనిపోయినవారు యాభై లోపే.

నా మనసుకు బాగా పట్టింది మాత్రం బంగ్లాదేశ్. అది తూర్పు పాకిస్తాన్‌గా ఉన్నప్పుడు, 1970 నవంబరు ఉప్పెనలో కనీసం మూడు లక్షల మంది పోయారు. కొత్త దేశం ఏర్పడ్డాక ఊళ్లవాళ్లనే వాలంటీర్లుగా తయారుచేసి, చేతికి మెగాఫోన్లిచ్చారు. పశువుల కోసం ఎత్తయిన మట్టిదిబ్బలు పోశారు. మా గేదె అవ్వ అడిగిన ప్రశ్నకు అక్కడ మట్టితో జవాబు చెప్పారన్నమాట! అయినా 1991లో మళ్లీ లక్షకు పైగా చనిపోయారు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. మగవాళ్లు ఇంట్లో లేకుండా గడప దాటలేక, షెల్టర్లో పరాయి మగాళ్ల మధ్య ఉండలేక చాలామంది ఆగిపోయారు. ఇప్పుడు ఆ వాలంటీర్లలో సగం మంది ఆడవాళ్లే.

మన షెల్టర్లలో ఆడవాళ్లకు తలుపు గడియ పడే మరుగుదొడ్డి ఉందో లేదో చూడకుండా, ‘‘జనం మాట వినరు’’ అనే అధికారుల మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. రెండుసార్లు తరలించాక తుఫాను దారి మళ్లిపోతే, మూడోసారి ఎవరికైనా విసుగే. ఆ విసుగు పోగొట్టేది తెలిసిన మనిషి మాటే, మైకు కాదు.

మీరు చేయాల్సింది, వాయుగుండం మాట వినపడకముందే అత్తగారి దగ్గర కూర్చుని దేని కోసం ఆగుతున్నారో అడగండి. గొడ్లయితే ఎవరు తోలాలో ఇప్పుడే మాట్లాడుకోండి. ఆఖరి నిమిషంలో తోలలేకపోతే పలుపు విప్పేయండి. కట్టేసిన గొడ్డు ఈదలేదు. పట్టాదారు పాసు పుస్తకం, రేషన్ కార్డు, మందులు ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఆమె చేతికే ఇవ్వండి.

ప్రశ్న: తుఫాను మధ్యలో గాలి ఆగిపోతే బయటికి రావచ్చా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: వద్దు బాబూ. అది తుఫాను కన్ను మీ మీదుగా వెళ్లే సమయం కావచ్చు. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా కొడుతుంది. మొదటి గాలికి ఊగి నిలిచిన చెట్టు, వదులైన రేకు అప్పుడే కూలతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మీ ఊరి మీదుగానే తీరం దాటింది. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడు.