బోర్లీ బంగళా గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంగ్లండులో, ఎసెక్స్ ప్రాంతపు చిన్న ఊరైన బోర్లీలో ఒకప్పుడు ఉండిన, దయ్యాలు తిరిగేదని పేరుపడిన పాస్టరుగారి బంగళా మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. నీ వాక్యానికి చదివించే గుణం ఉంది. అయితే సన్యాసిని, తల లేని బండివాడు, గోడల మీద రాతలు, రాళ్ళ వాన అన్నింటినీ మొదటి పేరాలోనే కుమ్మరించడం వల్ల, ఏ కథ ఎప్పుడు పుట్టిందో పాఠకుడికి అంతుపట్టకుండా పోయింది. ప్రతి కథనూ, దాన్ని చెప్పిన మనిషితోనూ చెప్పిన కాలంతోనూ కలిపి రాయమ్మా.

1862లో హెన్రీ డాసన్ ఎల్లిస్ బుల్ అనే పాస్టరు కట్టించిన ఆ మేడ, పద్నాలుగుమంది పిల్లలున్న ఆయన సంసారానికి చాలక, తరువాత మరికొంత పెరిగింది. ఆ కుటుంబాన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నా దృష్టిలో అసలు కథ వాళ్ళదే. 1900 జూలై 28 మునిమాపు వేళ ఆయన కుమార్తెలు నలుగురు, ఇంటి దగ్గర ఒక సన్యాసినిని చూశామనీ, సమీపించేసరికి ఆమె మాయమైందనీ చెప్పారు. వాళ్ళు చెప్పింది అంతవరకే. అక్కడ పూర్వం మఠం ఉండేదనీ, మఠంలోని సన్యాసితో ప్రేమలో పడిన నేరానికి ఒక సన్యాసినిని బతికుండగానే గోడలో పెట్టి కట్టేశారనీ చెప్పుకునే కథకు చారిత్రక ఆధారం లేదని 1938 నాటికే తేలింది. దాన్ని నువ్వు జరిగిన సంగతిగా రాశావు. ఊళ్ళోవాళ్ళు చెప్పుకునే మాటగా మార్చు.

భోజనాల గది కిటికీ దగ్గర మాత్రం తొందరపడకు. దాన్ని ఇటుకలతో మూయించారు. భోంచేసేవాళ్ళను సన్యాసిని తొంగి చూస్తుంటే భరించలేక అలా చేయించారని ఒక మాట. దారిన పోయేవాళ్ళ చూపు లోపలికి పడకుండా మూయించారని మరొక మాట. రెండూ చెప్పి, ఆ గదిలో పట్టపగలు కూడా ఎంత వెలుతురు తగ్గి ఉంటుందో పాఠకుణ్ణే ఊహించుకోనివ్వు.

అక్కడికి కొత్తగా వచ్చిన పాస్టరు 1929లో డైలీ మిర్రర్ పత్రికను సంప్రదించడంతో, మొదట విలేకరి, ఆ వెంటనే హ్యారీ ప్రైస్ అనే, దయ్యాల సంగతులు ఆరా తీసే పరిశోధకుడు వచ్చారు. రాళ్ళు, పూలకూజా వచ్చి పడడం ప్రైస్ రాకతోనే మొదలై, ఆయన వెళ్ళగానే ఆగిపోయింది. ఈ వరుసను ఉన్నదున్నట్టు రాస్తే చాలు, నువ్వు వ్యాఖ్యానించనక్కర లేదు.

1930 నుంచి అయిదేళ్ళు ఆ ఇంట్లో ఉన్న, తరువాతి పాస్టరు భార్య మేరియాన్ ఫాయ్‌స్టర్ విషయంలో నీ కలం మరీ కఠినంగా నడిచింది. ఆమె పేరు పెట్టి సాయం అడుగుతున్నట్టు గోడల మీద రాతలు కనిపించిన మాట నిజమే, వాటిని ఆమే రాసిందని అనుమానించినవారూ ఉన్నారు. కానీ తనకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు, కీళ్ళ నొప్పులతో బాధపడేవాడు అయిన భర్తతో, అంత పెద్ద ఇంట్లో కాపురం చేసిన స్త్రీని "మోసగత్తె" అన్న ఒక్క మాటతో కొట్టిపారేస్తే, ఆమె రోజులు ఎలా గడిచాయో ఎవరు అడుగుతారు?

చివరి ఘట్టాలను కుదించు. 1939 ఫిబ్రవరిలో నూనె దీపం ఒరిగి ఇల్లు తగలబడిందని కొత్త యజమాని చెప్పాడు; బీమా కంపెనీ నమ్మలేదు. 1944లో శిథిలాలను పడగొడుతుండగా గాలిలో తేలిన ఇటుక ఫొటో గురించి నువ్వు ఉత్సాహంగా రాశావు. ఆ సమయంలో కూలీ ఒకడు ఇటుకలు విసురుతున్నాడని అక్కడున్నవారు తరువాత చెప్పారు. ఆ మాట లేకుండా ఫొటో ప్రస్తావన ఉండకూడదు.

అలా మిగిలిన చోటును బుల్ కుమార్తెలకూ మేరియాన్‌కూ ఇచ్చి, వ్యాసాన్ని తిరగరాసి పంపు. ఎదురుచూస్తుంటాను.