ఉపయోగం లేని విద్యకు టైం పెట్టొచ్చా? శాసనాలు చదవడం గురించి

మీ ప్రశ్న: "హన్మకొండలో బీటెక్ మూడో సంవత్సరం. కాకతీయుల శాసనాలు చదవడం నేర్చుకోవాలని ఉంది. 'దానితోని ఏమొస్తది' అని ఇంట్లో అడుగుతున్నరు. పనికిరాని విద్యకు టైం పెట్టొచ్చా?"

పెట్టొచ్చు. ఉద్యోగం వస్తుందని మాత్రం ఇంట్లో చెప్పకండి, ఆ దారిలో పోస్టులు చాలా తక్కువ. "ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది" అనే మాట కూడా నేను వాడను. కరీంనగర్ జిల్లా కురిక్యాల బొమ్మలమ్మ గుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన 10వ శతాబ్దపు శాసనంలో మూడు తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు, తెలుగు ఎంత పాతదో చెప్పే సాక్ష్యంగా ఆ గుట్ట పేరు అందరి నోటా నలిగింది. నిజమే. కానీ వెయ్యేళ్ల తర్వాత అందిన ఫలితాన్ని చూపించి ఇవాళ ఎవరినీ చదువుకు కూర్చోబెట్టలేం.

నేను చెప్పేది వేరు. శాసనం దగ్గరికి ఏదో ఒక అవసరంతో వెళ్లినవాళ్లకు తమకు కావాల్సిన అక్షరమే కనిపిస్తుంది. తమ ఊరి పేరు, కులం పేరు, ఇంటిపేరు వెతికే మనిషి అరిగిన ప-ని వ అని, వ-ని ప అని తన అవసరాన్ని బట్టి చదివేస్తాడు. గుప్తనిధుల వాళ్ల సంగతి మరీ ఘోరం. రాయి పైభాగాన సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉంటే అది నిధికి గుర్తని కింద తవ్వుతారు. ఆ బొమ్మల అర్థం ఆచంద్రార్కం, అంటే సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం చెల్లాలని. రాతి మీద రాసింది ఒక చెరువు కింది మడి గురించో, గుడి దీపానికిచ్చే నూనె గురించో. ఏమీ ఆశించని మనిషి ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదవగలడు. ఇందులో నాకు కనిపించే విలువ అదే.

ఇక ఎలా మొదలుపెట్టాలి. వేయిస్తంభాల గుడి శాసనంతో మొదలుపెట్టకండి, అది సంస్కృత శ్లోకాల్లో ఉంది. దానికంటే ముందరి కాకతీయుల శాసనాలు చాలావరకు కన్నడంలో ఉంటాయి, అప్పటికి వాళ్లు కల్యాణి చాళుక్యుల సామంతులు. గణపతిదేవుడి కాలపు తెలుగు దానశాసనం ఒకటి ఎంచుకోండి. పురావస్తు శాఖ జిల్లాలవారీగా వేసిన శాసన సంపుటాల్లో వరంగల్‌ది, కరీంనగర్‌ది ఉన్నాయి. రాతి ఫోటో, అచ్చులో ఉన్న పాఠం పక్కపక్కన పెట్టుకోండి.

చదవడం చివరి నుంచి మొదలుపెట్టండి. దానశాసనాల చివర చాలాసార్లు ఒకే శాపశ్లోకం ఉంటుంది: "స్వదత్తాం పరదత్తాం వా యో హరేత వసుంధరాం, షష్టిర్వర్షసహస్రాణి విష్ఠాయాం జాయతే క్రిమిః". తానిచ్చిందైనా, ఇతరులిచ్చిందైనా, దానభూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని. ఏం రాసుందో ముందే తెలుసు కాబట్టి ఏ గుర్తు ఏ అక్షరమో మీరే పట్టుకోవచ్చు. ఈ ఒక్క శ్లోకంలో 16 హల్లులు దొరుకుతాయి. తర్వాత పైకి వెళ్లి "శ్రీమన్మహామండలేశ్వర కాకతీయ గణపతిదేవ మహారాజులు" లాంటి బిరుదుల వరుస పట్టుకుంటే శ, న, డ, ల, గ కలుస్తాయి. ఒక్కో అక్షరాన్నీ గళ్ల నోటుబుక్కులో చేత్తో గీయండి. ఫోన్లో చూసి ఊరుకుంటే చేతికి గుర్తుండదు.

తడబడేది ఎక్కడంటే, మాటల మధ్య ఖాళీ ఉండదు. ఎ-ఏ, ఒ-ఓ తేడా చాలాచోట్ల చూపించరు, సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. రేఫ (ర్) తర్వాత వచ్చే హల్లు రెట్టిస్తుంది. పై శ్లోకమే రాతి మీద "షష్టిర్వ్వర్ష" అని కనిపిస్తే అది చెక్కినవాడి తప్పు కాదు, అప్పటి రాత పద్ధతి. బండి ఱ వస్తే ర అని సరిదిద్దకండి. తూము అనే మాట ఇంకో చిక్కు: చెరువు తూమూ అదే, ధాన్యం కొలతా అదే (పుట్టికి 20 తూములు). ముందు అంకె ఉందా, చెరువు పేరు ఉందా చూసి అర్థం చెప్పాలి.

తేదీ తేల్చడమే నాకు అన్నిటికంటే ఇష్టమైన పని. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం అని అందరూ చెబుతారు. అలా చేస్తే వేయిస్తంభాల గుడి శాసనం శకం 1084 కాబట్టి 1162 వస్తుంది, అది తప్పు. అందులోని నెల మాఘం, అప్పటికి జనవరి వచ్చేసింది, కాబట్టి 1163. అదే నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం శకం 1211 మార్గశిరం, అది నవంబరులోనే పడింది, 1289 సరిపోతుంది. సంవత్సరం పేరుతో కూడా సరిచూసుకోండి: శకానికి 12 కలిపి 60తో భాగిస్తే మిగిలిన శేషం, ప్రభవ నుంచి లెక్కపెడితే ఎన్నో సంవత్సరమో చెబుతుంది (శేషం సున్నా అయితే అక్షయ). 1084కి శేషం 16, చిత్రభాను. 1211కి 23, విరోధి. శాసనంలో ఉన్న పేర్లు కూడా అవే. ఒకటి తేడా వస్తే, శకాన్ని గడిచిన ఏళ్లతో కాకుండా నడుస్తున్న ఏడాదితో లెక్కపెట్టారేమో చూడాలి. అంతకంటే ఎక్కువ తేడా వస్తే మీరు అంకె తప్పు చదివారేమో ముందు అనుమానించండి.

ఆ చందుపట్ల రాయి పువ్వుల ముమ్మడి అనే మనిషి వేయించినది. రుద్రమదేవికి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికి శివలోకం దొరకాలని చేసిన భూదానం, అంటే 1289 నాటికే వాళ్లిద్దరూ చనిపోయారన్నమాట. అంతకుముందు పుస్తకాల్లో రుద్రమ పాలన ఇంకో ఆరేడేళ్లు సాగినట్టు రాసేవారు.

ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపేయండి. ఎదురుగా వెలుగు పడితే గీతల నీడ చచ్చిపోతుంది. టార్చిని పక్క నుంచి, రాతికి దాదాపు ఆనించినట్టు పట్టుకుని, నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫోటో తీయండి. ఒక వైపు నుంచి కనపడని అక్షరం ఇంకో వైపు నుంచి తేలుతుంది. సుద్దముక్కతో అక్షరాలు దిద్దొద్దు, తప్పుగా దిద్దితే తర్వాత వచ్చినవాళ్లంతా ఆ తప్పే చదువుతారు. ఊళ్లో రాయికి సున్నమో పెయింటో వేసి ఉంటే గీకొద్దు. తడి కాగితం, సిరాతో అచ్చు తీయడం రక్షిత కట్టడాల్లో అనుమతి లేకుండా చేయకూడదు, మొదటి ఏడాది మీకు దాని అవసరమూ రాదు.

సందేహంగా ఉన్న అక్షరాన్ని బ్రాకెట్లో రాయండి, పోయిన అక్షరానికి చుక్క పెట్టండి, ఊహించి నింపకండి. స్కేలు పెట్టి తీసిన ఫోటో ఒకటి, రాయి మొత్తం చుట్టుపక్కలతో సహా కనపడేది ఒకటి ఉంచుకుని, ఊరు, చెరువు పేరు, రాయి ఏ దిక్కుకు ఉందో అదే పేజీలో రాయండి. రోడ్డు వెడల్పు చేసినా, కట్ట మరమ్మతు చేసినా పక్కకు జరిపేసే రాళ్లు ఇవే.