నాన్నగారి వాచ్‌కి బ్యాటరీ మారిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా నాన్నగారు యాపిల్ వాచ్ సిరీస్ 6 నాలుగేళ్లకు పైగా వాడుతున్నారు. ఒకప్పుడు పొద్దున పెట్టుకుంటే పడుకునేదాకా వచ్చేది. ఇప్పుడు మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోతోంది. ఒక్కోసారి 30 శాతం చూపిస్తూనే ఆగిపోతోంది. ఆయన ఒంటరిగా నడకకు వెళ్తారు. కింద పడితే మాకు తెలుస్తుందనే ఆ వాచ్ కొన్నాం. తమ్ముడు కొత్తది కొందామంటాడు. నాన్నగారేమో ‘ఇది బాగానే ఉంది కదమ్మా’ అంటారు. ఏం చేయమంటారు?

జవాబు: నేను నాన్నగారి వైపే. బ్యాటరీ మార్పించండి, అదీ ఆలస్యం చేయకుండా.

30 శాతం దగ్గర ఆగిపోతోందన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. లిథియం అయాన్ బ్యాటరీ పాతబడేకొద్దీ దాని లోపలి నిరోధం, అంటే కరెంటుకు ఎదురయ్యే అడ్డు, పెరుగుతుంది. నడకలో జీపీఎస్, గుండె సెన్సర్, స్క్రీన్ అన్నీ ఒకేసారి కరెంటు లాగితే వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయి వాచ్ ఆగిపోతుంది. అంటే సరిగ్గా ఆయనకు అవసరమైన వేళలోనే! సెట్టింగులు ఎన్ని మార్చినా ఇది పూర్తిగా కుదరదు.

వాచ్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ, బ్యాటరీ హెల్త్ తెరిచి చూడండి. కొత్తప్పటితో పోలిస్తే బ్యాటరీ సామర్థ్యం ఎంత మిగిలిందో అక్కడ కనిపిస్తుంది. 80 శాతం కన్నా తక్కువ ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ఈ వాచ్ కొత్తలోనే 18 గంటలు వస్తుందని కంపెనీ చెప్పింది. అందులో 80 శాతమంటే 14 గంటల పైచిలుకు. పొద్దున ఆరింటికి పెట్టుకుంటే రాత్రి ఎనిమిదిన్నరకే ఖాళీ. ఇంత చిన్న బ్యాటరీలో అరిగిపోవడానికి మిగులంటూ ఉండదు.

తమ్ముడి మాటా తీసిపారేసేది కాదు. మీది సిరీస్ 5 అయ్యుంటే నేనూ కొత్తదే కొనమనేదాన్ని. 2024లో వచ్చిన వాచ్ సాఫ్ట్‌వేర్ వాచ్‌ఓఎస్ 11తో సిరీస్ 4, 5, మొదటి ఎస్ఈ (చవక రకం) వాచ్‌లకు కొత్త వెర్షన్లు ఆగిపోయాయి. సిరీస్ 6కి మాత్రం అందింది. పడిపోవడాన్ని పసిగట్టడం (ఫాల్ డిటెక్షన్), ఈసీజీ రెండూ ఇందులో ఉన్నాయి. పైగా 2024లో వచ్చిన సిరీస్ 10కి కూడా కంపెనీ చెప్పేది అవే 18 గంటలు. దానికి చార్జింగ్ త్వరగా ఎక్కుతుంది, నిజమే. కానీ రోజూ చార్జింగ్ పెట్టే పని దానితోనూ తప్పదు.

కంపెనీ సర్వీసులోనే మార్పించండి. ఎవరితో పడితే వాళ్లతో తెరిపిస్తే లోపలి జిగురు సీలు దెబ్బతిని నీళ్లు దూరతాయి. స్క్రీన్ ఏ అంచునైనా పైకి లేచినట్టుంటే బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. అప్పుడు వెంటనే చేతినుంచి తీసేయండి, చార్జింగ్ కూడా పెట్టొద్దు.

ఈలోగా స్క్రీన్‌ని ఎప్పుడూ వెలిగించి ఉంచే ఆల్వేస్ ఆన్ డిస్‌ప్లే ఆపేయండి. స్నానానికి వెళ్లినప్పుడు, నడకకు బయల్దేరే ముందు కాసేపు చార్జింగ్ పెట్టమనండి. చార్జింగ్ ఆదా చేసే లో పవర్ మోడ్‌ని మాత్రం రోజంతా ఉంచొద్దు. గుండె లయ తప్పితే వచ్చే హెచ్చరికలు అందులో ఆగిపోతాయి.

ఇంకొకటి, ఇది ముఖ్యం. మీది సెల్యులర్ మోడల్ (ఫోన్ లేకుండానే మొబైల్ నెట్‌వర్క్ అందుకునేది) కాకపోతే దారిలో పడిపోయినప్పుడు కాల్ వెళ్లడానికి ఐఫోన్ ఆయన దగ్గరే ఉండాలి. నడకకు ఫోన్ వెంట తీసుకెళ్తున్నారో లేదో ఈ రోజే కనుక్కోండి. సర్వీసుకి ఇచ్చేముందు ఫోన్‌తో జత విడదీస్తే బ్యాకప్ దానంతటదే అవుతుంది. వాచ్ తిరిగొచ్చాక ఫాల్ డిటెక్షన్ ఆన్‌లో ఉందో లేదో మీరే స్వయంగా చూసి ఆయన చేతికి పెట్టండి.