ఇంజిన్ సంగతి తర్వాత, ముందు బండి కింద దూరి చూడు

అమ్మాయ్,

నాన్న మారుతి 800కి ఇంజిన్ చేయించాలా వద్దా అని అడుగుతూ నువ్వు పంపిన వీడియో చూశాను. పొగ వస్తున్న మాట నిజమే, కానీ ఫోన్‌లో పొగ చూసి ఇంజిన్ పోయిందని తేల్చేయడం జరిగే పని కాదు, నేనూ తేల్చను. ఒక మెకానిక్ ఇంజిన్ దింపాలి, నలభై రెండు వేలవుతుంది అన్నాడు. ఇంకొకాయన సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఇరవై రెండు వేలకి వేసేస్తానన్నాడు. అల్లుడుగారేమో అమ్మితే ముప్పై వేలు కూడా రాని బండికి నలభై పెట్టడమేంటి అంటున్నారు. బాగానే ఉంది, కానీ ఆ ఇద్దరు మెకానిక్కుల్లో ఒక్కరైనా గేజ్ పెట్టి కంప్రెషన్, అంటే సిలిండర్లలో గాలి ఎంత ఒత్తిడితో నొక్కుకుంటోందో, చూశారా? నువ్వు రాసినదాంట్లో ఆ ముక్క ఎక్కడా లేదే.

ముందు అల్లుడుగారి లెక్క చూద్దాం. అమ్మే ఉద్దేశమే లేని బండికి అమ్మకం రేటుతో పనేంటి? అదే నలభై వేలకి బయట ఏ బండి వస్తుందో ఒకసారి చూడమను. వచ్చేది ఎవరో వాడి వదిలించుకున్నదే, దాని లోపల ఏముందో మనకి తెలీదు. దీని పుట్టుపూర్వోత్తరాలు 1997 నుంచీ మీ నాన్న, అదే మా బావగారి డైరీలో ఉన్నాయి, ఆయిల్ మార్చిన తేదీలతో సహా. అలాగని నాన్న బండి కాబట్టి ఎంతైనా పెట్టేస్తానంటే అదీ నేను ఒప్పుకోను. నాన్న మీద ప్రేమతో ఇంజిన్‌కి ఓ పది వేలు ఎక్కువ పెట్టు, ఎవరూ ఏమీ అనరు. సస్పెన్షన్ బిగించే చోట తుప్పు తినేసిన రేకుకి మాత్రం రూపాయి పెట్టకు. ఎందుకో కింద చెప్తాను.

పొగ విషయానికొద్దాం. అది ఎప్పుడు వస్తోందో నువ్వు రాయలేదు, అసలు తెలియాల్సింది అదే. పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఓ నిమిషం నీలంగా వచ్చి తర్వాత ఆగిపోతోందా? అయితే వాల్వ్ సీల్స్ గట్టిపడి రాత్రంతా ఆయిల్ చుక్కలు చుక్కలుగా లోపలికి దిగుతోందని అర్థం, దానికి ఇంజిన్ దింపక్కర్లేదు, పెద్ద ఖర్చూ కాదు. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, బరువు మీద తొక్కినప్పుడు వెనక నీలం పొగ కమ్మేస్తోందంటే మాత్రం పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) అనుమానించాలి. నల్ల పొగైతే అసలు ఆయిలే కాదు, పెట్రోలు ఎక్కువ కాలుతోంది, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్ చూపించు. తెల్లగా, ఎంతసేపైనా ఆగకుండా వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైన ఉండే హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య పెట్టే పట్టీ) పోయినట్టు. ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడు, పాలు కలిపిన టీ రంగులో మీగడలా కట్టి ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నట్టే. (రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండికి చలికాలంలో కొంచెం అలా పట్టొచ్చు, దానికి కంగారు పడకు.)

ఇంకోటి, ఇది చాలామంది చూడరు. మీ బండికి పెట్రోలు పంపు ట్యాంకులో ఉండే కరెంటు పంపు కాదు, ఇంజిన్ పక్కనే క్యామ్‌తో నడిచే పాతరకం. దాని లోపల డయాఫ్రమ్ అనే రబ్బరు పొర చిరిగితే పెట్రోలు నేరుగా ఇంజిన్ ఆయిల్లోకి దిగుతుంది, ఆయిల్ పల్చబడుతుంది, పొగ వస్తుంది, పికప్ పోతుంది, చూసినవాళ్లు ఇంజిన్ అయిపోయింది అంటారు. ఆయిల్ మట్టం చూసే కడ్డీ తీసి వాసన చూడు. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి, పెట్రోలు కంపు కొడుతుంటే పంపు మార్చి, ఆయిల్ మార్చి అప్పుడు మాట్లాడదాం. ఈ మధ్య బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కదా, 1997లో చేసిన రబ్బరు దానికోసం చేసింది కాదు. గొట్టాలు, కార్బురేటర్ గ్యాస్కెట్లు, ఈ డయాఫ్రమ్, అన్నీ ఒకసారి చూపించుకోవాలి. నెలల తరబడి కదలని బండైతే మరీను, ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది.

ఇవన్నీ చూశాక కూడా అనుమానం తీరకపోతే కంప్రెషన్ టెస్టు. గేజ్ లేని మెకానిక్ దగ్గరికి వెళ్లకు, అంతే. బండి వేడెక్కాక మూడు ప్లగ్గులూ విప్పి, కాయిల్ వైరు పీకి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొడుతూ ఒక్కో సిలిండర్‌కి రీడింగ్ తీస్తారు. మూడు అంకెలూ నువ్వే రాసుకో. ఆ తర్వాత తక్కువ వచ్చినదాంట్లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టమను. అంకె బాగా పెరిగితే రింగుల పక్కనుంచి గాలి పోతోంది. పెరగకపోతే వాల్వ్‌లు, లేదా గ్యాస్కెట్. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ కాలిందేమో చూడాలి. వాల్వ్‌లైనా గ్యాస్కెట్టైనా హెడ్ ఒక్కటి విప్పితే అయిపోయే పని, నలభై రెండు వేల మాట అక్కడితో ఆగిపోతుంది. టెస్టు చేసేటప్పుడు పక్కనే నిలబడు. నువ్వు అడిగినదానికి జవాబు అల్లుడుగారి మొహం చూసి చెప్తుంటే ఇంకో షెడ్డుకి వెళ్లు. ఆడపిల్లకి ఇంజిన్ సంగతి ఏం తెలుస్తుందిలే అనుకునేవాడు బిల్లు కూడా అలాగే వేస్తాడు.

సరే, ఇంజిన్ నిజంగానే అరిగిపోయిందనుకుందాం. అప్పుడు కూడా అది నాకు పెద్ద టెన్షన్ కాదు. పాత బండిలో డబ్బులు పెడితే మళ్లీ కొత్తదానిలా అయ్యే భాగం ఏదైనా ఉందంటే అది ఇంజినే. 800 కంపెనీ నుంచి రావడం 2014 జనవరిలో ఆగిపోయినా, అదే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ మారుతి ఓమ్నీ వ్యాన్‌కి కూడా వేశారు, ఓమ్నీ 2019 దాకా వచ్చింది. అందుకని పిస్టన్లు, బేరింగులు, గ్యాస్కెట్ కిట్లు విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే దొరుకుతాయి. దొరకనిదల్లా బాడీ. లారీకున్నట్టు దీనికి విడిగా ఛాసిస్ (కింది చట్రం) ఉండదు, ఆ రేకే ఛాసిస్. మీరుండేది కాకినాడ, ఉప్పుగాలి. బండిని లిఫ్ట్ మీదకి ఎక్కించమని స్క్రూడ్రైవర్ పట్టుకుని కింద నువ్వే చూడు. డోర్ల కింద పొడుగ్గా ఉండే భాగం, జాకీ పెట్టే చోట్లు, ముందు షాకబ్జార్బర్ల పైభాగం బిగించే చోటు, బ్యాటరీ కింద, వెనక సస్పెన్షన్ పట్టుకునే చోటు. తర్వాత లోపల మ్యాట్లు లేపి ఫ్లోర్ కూడా. పైపైన తుప్పుంటే గీకి రంగు వేయొచ్చు, ఫ్లోర్‌లో చిన్న చిల్లు ఉంటే రేకు వెల్డింగ్ చేయించొచ్చు. సస్పెన్షన్ బిగించే చోట స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోతే మాత్రం ఇంజిన్ సంగతి వదిలేయ్, అక్కడికి కథ అయిపోయింది. బావగారికి చెప్పడం కష్టమే, నేను ఫోన్ చేసి చెప్తాను.

పైన పెయింట్ మెరుస్తోందని మోసపోకు. బావగారు రోజూ తుడుస్తారు, ఆయన తుడిచేది పైన.

కాగితాలు. 1997 బండి కాబట్టి మొదటి పదిహేనేళ్లు 2012తో అయ్యాయి, అప్పట్నుంచి ఐదేళ్లకోసారి రెన్యువల్, అంటే మళ్లీ వచ్చేది 2027లో. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 చేశారు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ వేరు. కాబట్టి ఇవాళ ఇంజిన్‌కి పెట్టే డబ్బుతోపాటు ఈ పది వేలూ లెక్కలో కలుపుకో. పొగ కొట్టే బండి పొల్యూషన్ టెస్టులో నిలబడకపోవచ్చు, కాబట్టి ఏదో ఒకటి 2027 లోపు తేల్చుకోవాల్సిందే. పదిహేనేళ్లు దాటితే బండి పట్టుకుపోతారని అల్లుడుగారికి ఎవరో చెప్పారన్నావు, ఆ గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది, ఆంధ్రాలో అలాంటి నిషేధం లేదు, ఫిట్‌నెస్ ఉంటే నడుపుకోవచ్చు.

ఇప్పుడు నువ్వు అడగని ప్రశ్న ఒకటి. ఈ బండిలో ఎక్కడెక్కడికి వెళ్తావు? కూరగాయలకి, పిల్లల స్కూలుకి, అమ్మని సామర్లకోట స్టేషన్లో దింపడానికి, ఎప్పుడైనా అన్నవరం... వీటికి దీన్ని మించిన బండి లేదు, సందులో కూడా తిరుగుతుంది. కానీ పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని హైవే మీద వైజాగ్ వెళ్దామనుకుంటే వద్దు. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు, పక్కనుంచి కంటైనర్ లారీ పోతే ఊగిపోయేంత తేలికైన బండి. కొత్త ఇంజిన్ వేసినా ఇవేవీ మారవు. ఇంట్లో ఇదొక్కటే బండి అయ్యేటట్టైతే నేను అల్లుడుగారి పక్కే. మీ ఇంట్లో ఉన్న ఆ స్విఫ్ట్ కారు ఉంచుకుని దీన్ని ఊళ్లో తిప్పుకునేటట్టైతే నీ పక్క.

చేయించాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు. "ఉత్త రింగులు మార్చి మూసేద్దామమ్మా, పదిహేను వేలలో అయిపోతుంది" అంటారు, ఒప్పుకోకు. బోరు అరిగి గుండ్రం తప్పాక కొత్త రింగులు వేసినా ఎక్కువ రోజులు పట్టవు, ఏడాది తిరక్కుండా మళ్లీ పొగ. బ్లాక్‌ని లేత్ షాపుకి పంపి బోరు కొలిపించాలి, ఆ కొలత చూశాకే పిస్టన్లు కొనాలి, ముందే కొనేసి దానికి తగ్గట్టు బోరు కొట్టడం కాదు. ఇంతకుముందు ఒకసారి బోరు కొట్టి ఓవర్‌సైజు (ఒక సైజు పెద్ద) పిస్టన్ వేసి ఉంటే పిస్టన్ నెత్తి మీద నంబరు ఉంటుంది, బావగారి డైరీలో కూడా ఉండొచ్చు. పిస్టన్లు తిప్పే ఇరుసు, క్రాంక్, దాన్ని కూడా కొలవాలి. హెడ్ అల్యూమినియం, ఎప్పుడైనా బాగా వేడెక్కి ఉంటే వంగి ఉంటుంది, ఫేసింగ్ చేయించి, అంటే అడుగు చదును చేయించి తప్ప బిగించనివ్వకు. ఇంజిన్ ఎలాగూ కిందకి దిగింది కాబట్టి టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు, క్లచ్ ప్లేటు అప్పుడే మార్పించెయ్, తర్వాత మళ్లీ విప్పిస్తే లేబరు రెండింతలు. రేడియేటర్ తప్పకుండా. మీ ఇంట్లో దాంట్లో బోరుబావి నీళ్లు పోస్తారని నాకు తెలుసు. ఆ ఉప్పుతో పూడుకుపోయిన రేడియేటర్‌ని అలాగే ఉంచి కొత్త ఇంజిన్ బిగిస్తే, దాన్నీ అది ఉడకబెట్టేస్తుంది. ఇక కూలెంట్ తప్ప ఏదీ పోయొద్దని బావగారికి గట్టిగా చెప్పు. మార్చిన పాత సామాన్లన్నీ గోనెసంచిలో వేసి ఇమ్మని ముందే అడుగు, ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకో. బిగించాక మొదటి వెయ్యి కిలోమీటర్లు గట్టిగా తొక్కి నడపొద్దు, ఆయిల్ కూడా ఆ లోపే ఒకసారి మార్చాలి.

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ మాటకి నేను పెద్దగా మొగ్గు చూపను. అది ఏ బండిలోది, ఎంత తిరిగింది, ఎందుకు విప్పారు, ఏదీ తెలియదు. అయినా ఆర్‌సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది కదా, ఇంజిన్ మారితే ఆర్టీఓ ఆఫీసులో చెప్పి ఆ నంబరు మార్పించాలి, లేకపోతే రేపు ఇన్సూరెన్స్‌లోనూ రెన్యువల్‌లోనూ ఇరుక్కుంటావు. అది దొంగబండి ఇంజిన్ అయితే ఆ తలనొప్పి వేరే. బిల్లు, పాత ఆర్‌సీ కాపీ ఇవ్వలేనివాడి దగ్గర ఇరవై రెండు కాదు, రెండు వేలకిచ్చినా కొనకు.

ఇంకో దారి కూడా ఉంది, మెకానిక్కులు చెప్పరు, వాళ్లకి దాంట్లో ఏమీ రాదు. నెలకి రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగే బండి వెయ్యి కిలోమీటర్లకి అరలీటరు ఆయిల్ తాగితే తాగనీ. వారానికోసారి కడ్డీ చూసి పోసుకో, కొంచెం చిక్కటి ఆయిల్, 20డబ్ల్యూ50 లాంటిది వాడు, పొల్యూషన్ టెస్టు పాసవుతున్నంత కాలం అలాగే నడుపు. ఇంజిన్లో ఠకఠక శబ్దం మొదలైతేనో, ఆయిల్ లైటు వెలిగితేనో వెంటనే ఆపెయ్, ఇంటిదాకా నడిపించుకొస్తానని మొండికేయకు, క్రాంక్ పోతుంది.

తుక్కుకి ఇవ్వాల్సి వస్తే పాతసామాన్ల వాడికి ఇవ్వకు. గుర్తింపున్న స్క్రాపింగ్ సెంటర్‌కే ఇచ్చి సర్టిఫికెట్ తీసుకో, దాంతో కొత్త బండి టాక్స్‌లో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం నిబంధన. అంతకంటే ముఖ్యం, ఆర్‌సీ రద్దవుతుంది. లేకపోతే బండి ముక్కలైపోయినా కాగితాల్లో బావగారి పేరు మీదే ఉంటుంది.

ఈ ఆదివారం కడ్డీ వాసన, ఆయిల్ మూత, పొగ ఎప్పుడొస్తోందో, ఈ మూడూ చూసి రాయి. వారంలోపు కంప్రెషన్ అంకెలు, లిఫ్ట్ మీద కింద ఫోటోలు పంపు, వెనక సస్పెన్షన్ దగ్గర మాత్రం బాగా దగ్గరగా తియ్యి, టార్చి వేసి. అప్పటిదాకా ఇద్దరిలో ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మావయ్య