బొమ్మ పడే ముందు రెండు మాటలు

టీవీలో పాత చిత్రాలను పరిచయం చేసే వ్యాఖ్యాతల గురించి పోయిన నెల ఈ శీర్షికలో యథాలాపంగా నాలుగు వాక్యాలు రాశాను. వాటికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని ఊహించలేదు. సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది చివాట్లు పెట్టారు. వ్యాఖ్యాత అన్నవారు ముందుగా ఆ చిత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా చూసి రావాలన్నదే నేను రాసిన మాటల సారాంశం. అది అంత పెద్ద కోరికా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది. ఈసారి చోటంతా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్న ఆరు నెలలూ టర్నర్ క్లాసిక్ మూవీస్ అనే ఛానెల్ చూస్తూ గడిపాను. చిత్రం మొదలయ్యే ముందు ఒకరు వచ్చి కాసేపు మాట్లాడి వెళ్తారు, అయిపోయాక మళ్లీ వచ్చి ఒక ముక్క చెబుతారు. ఈ పద్ధతి మన తెలుగులో ఎందుకు రాలేదంటారు? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఏలూరు)

జవాబు: మాస్టారూ, ఆ పద్ధతికి రూపం ఇచ్చిన వ్యక్తి రాబర్ట్ ఆస్బోర్న్. 1994 ఏప్రిల్ 14న ‘గాన్ విత్ ద విండ్’తో ఆ ఛానెల్ మొదలైన రోజు నుంచి 2017లో కన్నుమూసే దాకా దాని ముఖం ఆయనే. కుర్రతనంలో నటుడు కావాలని హాలీవుడ్ చేరి చిన్నా చితకా వేషాలు వేశారు. ప్రసిద్ధ హాస్యనటి లూసిల్ బాల్ ఆయనలోని ఆసక్తిని గమనించి, నటన కన్నా రాత మీద దృష్టి పెట్టమని సలహా ఇచ్చారు. ఆ సలహా వల్లే ఆయన సినిమా పాత్రికేయుడయ్యారు, ఆస్కార్ పురస్కారాల చరిత్ర రాశారు. తెర మీద ఆయన మాట్లాడుతుంటే వినయం ముందు కనిపించేది, పాండిత్యం దాని వెనకాల నిలబడేది. ఇంటికి వచ్చిన చుట్టాన్ని నలుగురికీ పరిచయం చేసి తాను పక్కకు తప్పుకునే పెద్దమనిషి తీరు అది.

2003లో చేరిన బెన్ మాంక్‌విచ్ పద్ధతి వేరు. ‘సిటిజన్ కేన్’ అనే పేరున్న హాలీవుడ్ చిత్రం రచయితల్లో ఒకరైన హర్మన్ మాంక్‌విచ్‌కు ఆయన మనవడు. ఇంట్లో సినిమా మాటలు వింటూ పెరిగిన చనువు ఆయన వెటకారంలో తెలుస్తుంది. కొందరికి అది గిట్టదు. నాకు మాత్రం ఇద్దరూ కావాలి, కానీ ఒక్కరినే ఎంచుకోమంటే ఆస్బోర్న్ వైపే మొగ్గుతాను.

ఇక మన సంగతి. అక్కడ ఆ ఛానెల్‌కు కేబుల్ సంస్థలు చెల్లించే చందా డబ్బు ఆధారం కాబట్టి చిత్రం మధ్యలో ప్రకటనలు రావు, కత్తిరింపులూ ఉండవు. మన ఛానెళ్లకు ప్రకటనే అన్నం. పాత చిత్రం మధ్యాహ్నపు ఖాళీని పూడ్చే సరుకు. ఖాళీ పూడ్చడానికి తెచ్చినదాన్ని పీట వేసి కూర్చోబెట్టి పరిచయం చేయాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? అయితే డబ్బు ఒక్కటే కారణమని నేను ఒప్పుకోను. కొత్త సినిమా పాటల వేడుకకు గంటల కొద్దీ మాట్లాడే వ్యాఖ్యాతలను పెట్టగలిగినవారు, 1951 నాటి చిత్రానికి రెండు నిమిషాల మనిషిని పెట్టలేకపోవడానికి డబ్బు అడ్డమా, మనసు అడ్డమా?

ప్రశ్న: ‘మాయాబజార్’ వేసిన ప్రతిసారీ వ్యాఖ్యాతలు "ఆ రోజుల్లోనే ల్యాప్‌టాప్ చూపించారు" అంటూ ప్రియదర్శిని పేటిక గురించే చెబుతారు. అందులో తప్పేముందని మీరు విసుక్కున్నారు? (పాఠకురాలు, తెనాలి)

జవాబు: తప్పేమీ లేదమ్మా. మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను. ఇరవయ్యోసారికి నవ్వు రాలేదు. కె.వి. రెడ్డి 1957లో తీసిన ఆ చిత్రంలో చెప్పుకోదగ్గ విషయం ఇదొక్కటేనా అన్నది నా బాధ. పాండవుల మీద జరిగే కుట్ర చుట్టూ కథ తిరుగుతుంది గానీ పాండవులు ఒక్కరైనా తెర మీద కనిపించరు. ఈ మాట ముందుగా చెవిన వేస్తే, ఎన్నోసారి చూస్తున్నవారు కూడా ‘నిజమే సుమా’ అని నిటారుగా కూర్చుంటారు. అలాగే మాయా శశిరేఖగా సావిత్రి నటనను చూడమని చెప్పవచ్చు. ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడిగా అంతకుముందు చూపించిన నడకనూ తల విసురునూ ఆమె పట్టుచీర కట్టుకున్న పెళ్లికూతురి ఒంట్లోకి దించారు. చూపులో రాక్షసుడు తొంగి చూస్తాడు, మరుక్షణం ఆడపిల్ల సిగ్గుపడుతుంది. ఆ మార్పు రెప్పపాటులో జరిగిపోతుంది, కనిపెట్టి ఉంటేనే దొరుకుతుంది. ‘లాహిరి లాహిరి’ పాటలో మార్కస్ బార్‌ట్లే కెమెరా సృష్టించిన వెన్నెల గురించి ఒక్క వాక్యం చెప్పినా చాలు, ఆ నీటి మీది మెరుపును చూసే కన్ను మారిపోతుంది. వ్యాఖ్యాత పని అంతే: ఒక్కచోట వేలు చూపించి తప్పుకోవాలి.

ప్రశ్న: ‘మిస్సమ్మ’లో ముందు భానుమతి గారిని అనుకుని తర్వాత సావిత్రి గారిని పెట్టుకున్నారన్న కథ మాకు ఎంతో ఇష్టం. ఇలాంటి తెర వెనుక ముచ్చట్లను మీరు పుకార్ల కింద కొట్టిపారేయడం అన్యాయం. (పాఠకుడు, వరంగల్)

జవాబు: కొట్టిపారేయలేదండీ, నాకూ ఇష్టమే. నిర్మాత చక్రపాణి గారికీ భానుమతి గారికీ పట్టుదలలు వచ్చి ఆమె తప్పుకోవడం, రెండో కథానాయికగా అనుకున్న సావిత్రి మొదటి స్థానానికి రావడం, ఆ రెండో పాత్ర జమునకు దక్కడం, ఇవన్నీ జరిగినవే. నా తగాదా ముచ్చటతో కాదు, దాన్ని అక్కడితో వదిలేయడంతో. ఎవరు ఆలస్యంగా వచ్చారు, ఎవరు క్షమాపణ అడగమన్నారు అని పది నిమిషాలు చెప్పి, ‘ఇప్పుడు సినిమా చూద్దాం’ అంటే ప్రేక్షకుడు తగాదాను నెత్తిన పెట్టుకుని చూస్తాడు.

అదే సంగతిని చిత్రం లోపలికి తీసుకువెళ్లవచ్చు. ఎల్.వి. ప్రసాద్ 1955లో తీసిన ఆ చిత్రంలో మేరీ పాత్రకున్న ముక్కుమీది కోపం, లెక్కలేనితనం భానుమతి గారికి అచ్చంగా కుదిరే గుణాలు. ఆమె చేసి ఉంటే ఆ కోపంలో అధికారం ధ్వనించేదని నేను అనుకుంటాను. సావిత్రి చేతిలో అదే కోపం కింద ఒక బెదురు కనిపిస్తుంది. అప్పు తీర్చడానికి పరాయి ఊళ్లో, పరాయి మతం పేరు చెప్పుకుని, పరాయి మగవాడికి భార్యగా నటించవలసి వచ్చిన ఆడపిల్ల బెదురు అది. నటి మారడం వల్ల పాత్ర ఏ వైపు ఒరిగిందో చెబితే తెర వెనుక ముచ్చట తెర ముందుకు వచ్చినట్టు అవుతుంది. ఇలా చెప్పాలంటే చిత్రాన్ని రెండుసార్లైనా చూడాలి. చిక్కంతా అక్కడే వస్తోంది.

ప్రశ్న: పాటలను పరిచయం చేసేవారిలో మీకు నచ్చినవారు ఎవరైనా ఉన్నారా, లేక అందరినీ తిట్టడమేనా? (పేరు వద్దన్న పాఠకుడు, నెల్లూరు)

జవాబు: మీ ఊరివారే ఉన్నారు కదండీ! 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు చేసినదాన్ని నేను తెలుగు టీవీలో వ్యాఖ్యానానికి కొలమానంగా పెట్టుకున్నాను. పోటీకి వచ్చిన పిల్ల ఒక పాత పాట పాడి ఊపిరి పీల్చుకునే లోపే ఆయన సంగీత దర్శకుడి పేరు, కవి పేరు, మొదట పాడినవారి పేరు చెప్పేవారు. ఆ తర్వాత చరణంలో ఎక్కడ గమకం జారిందో తానే కూనిరాగం తీసి చూపించేవారు. ‘ళ’ పలకవలసిన చోట ‘ల’ పలికితే నవ్వుతూనే దిద్దేవారు. అంతటి గాయకుడు తన పాటల కన్నా ఘంటసాల గారి పాటల గురించి మాట్లాడేటప్పుడే ఎక్కువ వెలిగిపోయేవారు. 2020 సెప్టెంబరులో ఆయన వెళ్లిపోయాక, పాత పాట వెనకనున్న మనుషులను పేరు పెట్టి పిలిచే గొంతు ఒకటి తగ్గింది.

వార్తలు ఈ శీర్షిక పరిధిలోకి రావు గానీ, హైదరాబాద్ దూరదర్శన్‌లో 1983 నుంచి తెలుగు వార్తలు చదివిన శాంతి స్వరూప్ గారిని కూడా ఇక్కడ తలచుకోవాలి. ఎదురుగా చూసి చదువుకునే ప్రాంప్టర్ లేని రోజుల్లో ఆయన వార్తలను ముందే కంఠస్థం చేసుకుని వచ్చేవారు. సిద్ధమై రావడమంటే ఏమిటో తెలిసిన తరం అది.

ప్రశ్న: మా కొత్త టీవీలో పాత సినిమాలు చూస్తే మనుషులందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు. టీవీ లోపమా, సినిమా లోపమా? (గృహిణి, కరీంనగర్)

జవాబు: రెండూ కాదమ్మా, మధ్యలో ఉన్నవారి లోపం. ఆ కాలపు చిత్రాలు దాదాపు చదరానికి దగ్గరగా ఉండే చట్రంలో తీసినవి. ఇప్పటి టీవీ తెర వెడల్పుగా ఉంటుంది. సక్రమంగా చూపించాలంటే రెండు పక్కలా నల్లటి ఖాళీ వదలాలి. ఖాళీ ఉంటే ప్రేక్షకుడికి నచ్చదని భయపడి బొమ్మను పక్కలకు సాగదీస్తారు, లేదా పైనా కిందా కోసేస్తారు. కోసినప్పుడు బొమ్మలో ఇంచుమించు నాలుగో వంతు పోతుంది.

ఆ మధ్య ఒక ఛానెల్‌లో ‘గుండమ్మ కథ’ చూశాను. సూర్యకాంతం గారి ఎడమ చేయి తెలుగువారికి కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. ఆ చేయి అలా పైకి లేచి గాలిలో తిరిగితేనే తిట్టు పూర్తయినట్టు. ఆ రోజు చేయి లేచింది గానీ మణికట్టు దగ్గరే తెర అయిపోయింది. అందమైన స్టూడియోలో కూర్చున్న వ్యాఖ్యాత మాత్రం "ఆమె హావభావాలు చూడండి" అన్నారు. ఎక్కడ చూడాలి తల్లీ?

మీ రిమోట్‌లో చిత్రం కొలత మార్చే మీట ఉంటుంది, దానితో సాగదీతను సరిచేసుకోవచ్చు. ఛానెల్ వారే కోసేసి పంపిన బొమ్మకు మాత్రం మందు లేదు.

ప్రశ్న: రంగులు అద్దిన ‘మాయాబజార్’ మీద మీ అభిప్రాయం? (విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: 2010లో థియేటర్‌కు వెళ్లి చూశాను. మీ వయసువారు హాలు నిండా ఉన్నారు, అది చూసి సంతోషించాను. ఇంటికి వచ్చి నలుపు తెలుపులోనే మళ్లీ చూసుకున్నాను. నలుపు తెలుపుల కోసమే అమర్చిన వెలుగునీడల మీద రంగు పూస్తే ఆభరణాలు మెరుస్తాయి, వెన్నెల మాత్రం వెలిసిపోతుంది. మొదటి జవాబులో నేను పొగిడిన ఛానెల్‌ను స్థాపించిన టెడ్ టర్నర్ కూడా 1980లలో పాత చిత్రాలకు రంగులు అద్దించి తిట్లు తిన్నవాడే. ‘సిటిజన్ కేన్’ మీద కూడా ఆయన కన్ను పడింది గానీ, దాని దర్శకుడు ఆర్సన్ వెల్స్ పాత ఒప్పందం అడ్డువచ్చి 1989లో వెనక్కి తగ్గారు. అయిదేళ్ల తర్వాత ఆయన ఛానెలే పాత చిత్రాలను ఉన్నవి ఉన్నట్టు చూపించడానికి పేరుపడింది. మనిషి మారడానికి అయిదేళ్లు పెద్ద సమయమేమీ కాదు.

ప్రశ్న: పాత సినిమాలన్నీ యూట్యూబ్‌లో దొరుకుతుంటే మధ్యలో ఈ వ్యాఖ్యాత ఎందుకు? (పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: దొరకడం వేరు, చూడటం వేరు. మీరు పోయిన వారం వాటిలో ఎన్ని చూశారో చెప్పండి, నేను ఈ ప్రశ్నకు వచ్చే నెల జవాబిస్తాను.

ప్రశ్న: ఇంత చెబుతున్నారు కదా, మిమ్మల్నే కెమెరా ముందు కూర్చోబెట్టి ఒక చిత్రాన్ని పరిచయం చేయమంటే దేన్ని ఎంచుకుంటారు, ఏం చెబుతారు? (పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: చిక్కుల్లో పెట్టారమ్మా. నా గొంతు టీవీకి పనికిరాదు, ఆ మాట అటుంచి చెబుతాను. బి.ఎన్. రెడ్డి 1951లో తీసిన ‘మల్లీశ్వరి’ని ఎంచుకుంటాను. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమా కోసం మొదట పాటలు రాసింది అందులోనే, ఆ పాటలకు బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు, తన పాటలు తానే పాడుకున్నది భానుమతి. ఇది చెప్పడానికి అర నిమిషం చాలు. ఎన్.టి. రామారావు ఆ తర్వాత ఎంత ఎత్తుకు వెళ్లారో అందరికీ తెలుసు కాబట్టి ఆ ప్రస్తావన తీసుకురాను. తెర మీద ఉన్నది నాగరాజు, రాళ్లు చెక్కే కుర్రవాడు. అతన్ని అతనిలాగే ఉండనివ్వాలి.

మిగిలిన సమయంలో ఒకే ఒక్క సంగతి చెబుతాను. సంత నుంచి బావామరదళ్లు బండి తోలుకుంటూ వస్తారు, దారిలో వాన పట్టుకుంటుంది. తలదాచుకున్న చోట మల్లి ఆడుతుంది, మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు చూస్తాడు. ప్రేక్షకుడు పాటలోనూ ఆటలోనూ మునిగి ఉంటాడు. సరిగ్గా ఆ తర్వాత నాగరాజు ఆ అతిథితో నవ్వుతూ, వేళాకోళంగా ఒక మాట అంటాడు. దాన్ని జారవిడుచుకోవద్దని, ఆ రాత్రి నుంచి కథలో జరిగే ప్రతిదానికీ ఆ మాటే మొదలని చెప్పి లేచిపోతాను. ఆ మాట ఏమిటో అక్కడా చెప్పను, ఇక్కడా రాయను.