వలయాల మధ్యలో వెలుగు చుక్క వస్తే తప్పు నాదా?

ప్రశ్న: డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్నాను. ల్యాబ్‌లో న్యూటన్ వలయాలు (గాజు పలక మీద ఉబ్బు కటకం పెట్టి సోడియం దీపం వెలుగు వేస్తే కనిపించే నలుపు, వెలుగు వలయాలు) చేస్తుంటే మధ్యలో నల్ల మచ్చకి బదులు వెలుగు చుక్క కనిపించింది. పుస్తకంలో నలుపనే ఉంది. పక్క బెంచీ వాళ్లేమో "రికార్డులో నల్లగానే వేసెయ్, ఎవరు చూస్తారు" అంటున్నారు. ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి, టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని, అమలాపురం

జవాబు: వెలుగు చుక్కే వెయ్యండి, మీకు కనిపించింది అదే కదా. తప్పు మీది కాదు, చాలావరకు దుమ్ముది.

పుస్తకం చెప్పేది కటకం, గాజు పలక నిజంగా తాకినప్పటి సంగతి. అక్కడ గాలి పొర మందం సున్నా కాబట్టి కటకం అడుగు నుంచీ పలక పైనుంచీ వెనక్కొచ్చే వెలుగులు రెండూ కలిసి మెరవాలి అనిపిస్తుంది, కానీ గాలిలోంచి వచ్చి గాజుకి తగిలి వెనుదిరిగే తరంగం దశ తిరగబడుతుంది, అంటే అర తరంగం తేడా పడుతుంది, రెండోదానికి అలా జరగదు, దాంతో ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అందుకే నలుపు. ఇప్పుడు మధ్యలో ఒక దుమ్ము కణం ఇరుక్కుందనుకోండి. సోడియం వెలుగు తరంగదైర్ఘ్యం 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు). అందులో నాలుగో వంతు, అంటే సుమారు 1473 ఆంగ్‌స్ట్రామ్‌లు కటకం పైకి లేస్తే చాలు, వెలుగు ఆ దూరం కిందికీ పైకీ రెండుసార్లు పోతుంది కాబట్టి ఇంకో అర తరంగం తేడా చేరి నలుపు కాస్తా వెలుగైపోతుంది. తల వెంట్రుక మందం దానికి కొన్ని వందల రెట్లు ఉంటుంది. చున్నీ అంచుతో తుడిచిన కటకం మీద అంత దుమ్ము ఉండదా? (నేనూ చొక్కా అంచుతో తుడిచినవాణ్నే.)

కటకం వక్రతా వ్యాసార్థం (దాని ఒంపు ఏ గోళంలో భాగమో ఆ గోళం వ్యాసార్థం) కట్టే లెక్క పాడవుతుందేమోనని భయం వద్దు. ఒక్క వలయంతో సరిపెట్టకుండా రెండు వలయాల వ్యాసాల వర్గాల తేడా తీసుకోమనేది ఇలాంటి వాటికే. దుమ్ము లేపిన ఎత్తు రెండింటికీ ఒకటే, తీసివేతలో పోతుంది. వలయం సంఖ్యకీ వ్యాసం వర్గానికీ గ్రాఫ్ గీస్తే గీత మూలబిందువు గుండా పోదు, అంతే. లెక్కకి మీకు కావలసింది ఆ గీత వాలు, అది మారదు.

అసలు జాగ్రత్త వలయాల వ్యాసం కొలిచే ట్రావెలింగ్ మైక్రోస్కోప్ స్క్రూ దగ్గర. ఎడమవైపు ఇరవయ్యో వలయం నుంచి మొదలుపెట్టి కుడివైపుకే తిప్పుకుంటూ పోండి. ఒకటి దాటేశామని వెనక్కి తిప్పారంటే స్క్రూలో ఉన్న వదులు రీడింగులో కలిసిపోతుంది, ఇక ఆ రీడింగులన్నీ కొట్టేసి మళ్లీ మొదటినుంచే. విసుగే, ఏం చేస్తాం.

ప్రశ్న: న్యూటన్ వలయాల ప్రయోగంలో కటకం కింద నీళ్లు పోస్తే ఏమవుతుందని వైవాలో అడిగారు, నోరు పెగల్లేదు.
- డిగ్రీ విద్యార్థి, నల్గొండ

జవాబు: వలయాలు ముడుచుకుంటాయి. వక్రతా వ్యాసార్థం 100 సెం.మీ. ఉన్న కటకంతో సోడియం వెలుగులో, గాలి పొరతో పదో నల్ల వలయం వ్యాసం సుమారు 4.85 మి.మీ. నీళ్ల వక్రీభవన గుణకం (వెలుగు అందులో ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే సంఖ్య) 1.33, దాని వర్గమూలంతో భాగిస్తే 4.2 మి.మీ. మధ్య మాత్రం నల్లగానే ఉంటుంది, ఎందుకంటే నీటి గుణకం గాజు కంటే తక్కువే. ఇంగ్లండ్ శాస్త్రవేత్త థామస్ యంగ్ దీన్ని కావాలనే తిరగేశాడు: పైన గుణకం తక్కువున్న క్రౌన్ గాజు, కింద గుణకం ఎక్కువున్న ఫ్లింట్ గాజు, మధ్యలో ఆ రెండింటికీ నడిమి గుణకం ఉన్న ససాఫ్రస్ అనే చెట్టు నూనె. అప్పుడు రెండుచోట్లా దశ తిరగబడింది, తేడా పోయింది, దుమ్ము అవసరం లేకుండానే మధ్యలో తెల్ల చుక్క వచ్చింది.